గుడివాడ సీమలో పుట్టిన మూడు గుండెలు

బందరు కాలువకును బుడమేరునకును నడుమ వరిచేలతో పచ్చగా పరచుకొనియున్న గుడివాడ సీమలో, 1922 డిసెంబరు 4వ తేదీన చౌటపల్లియందు ఘంటసాల వేంకటేశ్వరరావుగారును, 1923 మే 28వ తేదీన నిమ్మకూరునందు నందమూరి తారక రామారావుగారును, 1924 సెప్టెంబరు 20వ తేదీన రామాపురమునందు అక్కినేని నాగేశ్వరరావుగారును, అనగా రెండేండ్లు నిండకమునుపే మువ్వురు, జన్మించిరి. వారి గానమును గూర్చియు నటనమును గూర్చియు తెలుగువారికి క్రొత్తగా చెప్పవలసినదేమియు లేదు. నేనిచట చెప్పబూనినది వారి గుండెలను గూర్చి. మువ్వురికిని నడివయస్సు దాటునప్పటికి గుండెజబ్బు పట్టుకొనెను. మొదటివారికి శస్త్రచికిత్స అందకయే కాలము తీరెను. వేరొకరికి ఆ చికిత్స మేలు చేయునో లేదో లోకము తేల్చుకొనకమునుపే అందెను. మిగిలినవారికి అది తేలిన పిమ్మట అందెను. హృద్రోగచికిత్స మన తీరమునకు ఎట్లు చేరెనో తెలిసికొనుటకు ఈ మూడు జీవితముల కంటె మంచి ఆధారము నాకు దొరకలేదు.

అంతకు పూర్వము డెల్టాలో గుండెపోటు వేరు పేళ్ళతో చెలామణి యయ్యెడిది. రొమ్ము బరువెక్కి, ఒడలెల్ల చెమటలు పట్టి, తెల్లవారకమునుపే ప్రాణము విడిచిన గృహస్థును గూర్చి ‘వాయువు కమ్మినది’ అనెడివారు. వామునీళ్ళో సొంఠికషాయమో పట్టి, మరునాడు చేయవలసిన కార్యము చేసెడివారు. బందరులో 1906 ప్రాంతమున వైద్యవృత్తి నారంభించి, పదేండ్ల పిమ్మట దేశకార్యమునకై దానిని విడిచిన భోగరాజు పట్టాభిసీతారామయ్యగారి వంటి పట్టపుచ్చుకొన్న వైద్యునికి సైతము, గుండె విషయమున ఉండిన సాధనములు స్వల్పములు: 1816లో ఫ్రాన్సు దేశపు లెనెక్ కల్పించిన స్టెతస్కోపు ఒకటి, 1785లో ఇంగ్లండులో విదరింగ్ గ్రంథస్థము చేసిన డిజిటాలిస్ మందొకటి. వినుటకు చెవి కలదు. చేయుటకు చేయి లేదు.

ధమనులు పూడుటవలన కలుగు గుండెపోటు కలిగినవారి జబ్బుగా పేరు పడగా, లేనివారి గుండెజబ్బు వేరొకటి ఉండెను. ఇరుకు ఇండ్లలో, తడి నేలపై, ఒకరి ప్రక్క నొకరు పండుకొను పిల్లలకు గొంతునొప్పి వచ్చును; కొలది వారములకు జ్వరమును కీళ్ళవాపును తోచును; అవి తగ్గును; తల్లిదండ్రులు మరచిపోవుదురు. కాని ఆ జ్వరము పోవుచు పోవుచు గుండెలోని కవాటములను గాయపరచి పోవును. పదేండ్లకో పదునైదేండ్లకో, ఆ బిడ్డ పెరిగి పెండ్లియై గర్భిణియైన వేళ, ఎడమవైపు కవాటము బిగిసి ఊపిరితిత్తులలో నీరు క్రమ్మి, ఆమె పడుకొనలేక కూర్చుండియే రాత్రులు గడపును. ‘వాల్వు మూసుకుపోయింది’ అని నేడు పల్లెలలో చెప్పుకొను జబ్బు ఇదియే. మూడు నాలుగు వారముల కొకసారి పెనిసిలిన్ సూదిమందు ఏండ్ల తరబడి వేయించినచో జ్వరము తిరుగబెట్టదు. ఆ సూదిమందు తీవ్రమైన నొప్పి కలిగించును, పిల్లవాడు ఏడ్చును, రెండు మూడు నెలలకు తల్లి మానిపించును. ఈ జబ్బు చరిత్రలో శస్త్రచికిత్సకు దొరకిన గౌరవము ఆ నొప్పి సూదికి దొరకకపోవుట అన్యాయమని నా అభిప్రాయము.

సూది తప్పినవారికి రాయవేలూరే గతి. అచటి క్రైస్తవ వైద్యకళాశాలలో 1949లో అమెరికా నుండి వచ్చిన డాక్టర్ రీవ్ బెట్స్ ఛాతీ శస్త్రచికిత్సా విభాగమును నెలకొల్పగా, బిగిసిన కవాటమును వేలితో విప్పు ‘మూసిన గుండె’ శస్త్రచికిత్స దక్షిణదేశమునకు అందుబాటులోనికి వచ్చెను. గుండెను ఆపనక్కరలేదు, తెరవనక్కరలేదు. గుండె పైగదికి చిన్న గంటు పెట్టి, కొట్టుకొనుచున్న గుండెలోనికి వేలు చొప్పించి, అతుకుకొన్న రెక్కలను స్పర్శచేతనే విడదీయుదురు. తెలుగు జిల్లాల రోగులు గూడూరు, రేణిగుంటల మీదుగా రైలులో పోయి కాట్పాడిలో దిగెడివారు. దివిసీమ వారికైనచో ఆ రైలెక్కుటకు మునుపే ఒక ప్రయాణము కలదు: వంతెన పడకమునుపు పులిగడ్డ వద్ద కృష్ణను పడవపై దాటి, పెనుమూడి మీదుగా రేపల్లె చేరవలెను. వెల్లకిల పడుకొనలేని రోగికి అది ఎట్టి ప్రయాణమో ఊహింపవచ్చును.

ఇక ఘంటసాలగారి కథ. మధుమేహము అంతకుమునుపే ఉండిన ఆయనకు 1972లో హైదరాబాదు రవీంద్రభారతిలో కచేరి చేయుచుండగా గుండెనొప్పి వచ్చెను. ఆసుపత్రిలో చాలదినము లుండి, కోలుకొని, మరల పాడిరి. భగవద్గీతా శ్లోకములను రికార్డు చేయించినది ఆ చివరి కాలముననే. 1974 ఫిబ్రవరి 11వ తేదీన మద్రాసులో ఆసుపత్రియందే కన్నుమూసిరి, వయస్సు 51. నాటి హృద్రోగచికిత్స యనగా విశ్రాంతి, నొప్పికి మందు, నాలుక క్రింద పెట్టుకొను మాత్ర. రక్తపు గడ్డను కరగించు మందు ప్రాణము నిలుపునని 1986లో ఇటలీ వైద్యులు వేలకొలది రోగులపై పరీక్షించి చూపిరి. అంతకంటె విచిత్రమైనది ఆస్పిరిన్ కథ. ఆస్ప్రో బిళ్ళ యను పేర తలనొప్పికి పల్లెటూరి కిరాణాకొట్టులో సైతము దొరకుచుండిన ఆ మందే, గుండెపోటు వచ్చిన దినమున మ్రింగి నెలదినములు వాడినచో మరణములను సుమారు నాలుగింట ఒకవంతు తగ్గించునని 17,187 మంది రోగులపై జరిగిన పరీక్షవలన 1988లో గాని రూఢి కాలేదు. కొట్టులో మందున్నది, అది మందని చెప్పగల విద్య ఇంకను పుట్టలేదు.

అదే 1974వ సంవత్సరమున అక్కినేని నాగేశ్వరరావుగారు అమెరికాకు పోయి గుండెకు బైపాస్ చేయించుకొనిరి. ఈ చికిత్స పుట్టుకయే ఒక కథ. 1958లో క్లీవ్‌లాండ్ ఆసుపత్రిలో మేసన్ సోన్స్ అను వైద్యుడు మహాధమనిలో రంగుద్రవము నెక్కించుచుండగా గొట్టము జారి గుండెధమనిలోనికే పోయెను. రోగి మరణించునని వైద్యుడు భీతిల్లెను. గుండె క్షణకాలమాగి, దగ్గించగా మరల కొట్టుకొనెను. ఆ పొరపాటు వలన గుండెధమనుల చిత్రము తీయవచ్చునని తెలిసెను. పూడిక ఎచటనో కనబడగనే, దానిని తప్పించి దారి వేయుట ఎట్లను ప్రశ్న బయలుదేరెను. అర్జెంటీనాలో ఒక మారుమూల పల్లెలో పండ్రెండేండ్లు సామాన్యవైద్యము చేసి, పిదప క్లీవ్‌లాండునకు వచ్చిన రెనే ఫవలోరో 1967లో కాలి సిరను కోసి తెచ్చి గుండెధమనికి అంటుకట్టి ఆ దారి వేసెను. పల్లె వైద్యుడొకడు ఈ పని చేసెననుట పల్లెసీమల పాఠకులు గుర్తుంచుకొనదగిన మాట.

కాని 1974 నాటికి ఈ చికిత్స ఆయుస్సు పెంచునని ఎవరికిని నిశ్చయముగా తెలియదు. నొప్పి తగ్గునని తెలియును. బ్రతుకు పెరుగునా యను ప్రశ్నకు సమాధానము వెదకుచు అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులలోను, ఐరోపాలోను రోగులను రెండు తెగలుగా విభజించి పరీక్షించుట అప్పుడే సాగుచుండెను. 780 మందితో మరియొక గొప్ప పరీక్ష 1975లో మొదలు కానుండెను. 1977లో వెలువడిన సైనికుల ఆసుపత్రుల ఫలితము శస్త్రవైద్యులను నిరాశపరచెను: మొత్తముమీద మందులు వాడినవారును కోత పడినవారును మూడేండ్ల కించుమించు సమముగనే జీవించియుండిరి. ఎడమ ప్రధానధమని పూడినవారికి మాత్రము శస్త్రచికిత్సయే మేలని తేలెను. మూడు ధమనులును పూడినవారి విషయము ఐరోపా పరీక్ష తేల్చెను. కావున నాగేశ్వరరావుగారు సముద్రములు దాటి కత్తి క్రింద పండుకొనినది రుజువును నమ్మి కాదు, ఆశను నమ్మి. ఆశ ఫలించెను: 1976లో అన్నపూర్ణ స్టూడియో తెరచిరి, 1981లో ప్రేమాభిషేకము నటించిరి, 2014 జనవరి 22న 89 ఏండ్ల వయస్సున క్యాన్సరుచే మరణించిరి. ఒక్క మనుష్యుడు నలువదేండ్లు బ్రతుకుట రుజువు కాదు. శాస్త్రము ఆ మాట చెప్పును, గుడివాడ ఒప్పుకొనదు. బైపాస్ అను మాట తెలుగు ఇండ్లలో నిలిచిపోవుటకు ఆ పరీక్షలన్నిటి కంటె ఆయన బ్రతుకే ఎక్కువ కారణమయ్యెను.

ఆయన తిరిగివచ్చిన మరుసటి యేడు, 1975లో, మద్రాసు పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో డాక్టర్ కె. ఎం. చెరియన్ భారతదేశమునందలి మొదటి బైపాస్‌ను జయప్రదముగా చేసెను. అయినను కలిగినవారు అమెరికాకే పోవుచుండిరి. 1983లో గుడివాడ నుండియు శాసనసభకు ఎన్నికై ముఖ్యమంత్రియైన రామారావుగారు 1984లో అచటనే బైపాస్ చేయించుకొని ఆగస్టు 14న తిరిగివచ్చిరి. 16వ తేదీన గవర్నరు ఆయనను పదవి నుండి తొలగించెను. అప్పటి రాజకీయము అందరెరిగినదే. వైద్యచరిత్ర దృష్టితో చూచినచో నన్నాకర్షించునది వేరొకటి: ఛాతీ ఎముక కోసి వారములు మాత్రమే గడచిన మనుష్యుడు చక్రముల కుర్చీలో శాసనసభ్యుల వెంట తిరిగి, నెలదినములు పోరాడి సెప్టెంబరు 16న మరల ముఖ్యమంత్రి యగుట. అంతకు పదేండ్ల క్రిందట కోలుకొనుటయనగా మంచము పట్టియుండుట. 1996 జనవరి 18న ఆయన ప్రాణము తీసినది గుండెపోటే. కోత ధమనికి దారి వేయునే గాని వ్యాధిని తొలగింపదు.

మువ్వురి కథయు అట్లుండగా, వాల్వు మూసుకుపోయిన పేదల కొరకు అమెరికాకు పోవువారెవరును లేరు గదా. వారి విషయమున అమెరికాయే హైదరాబాదునకు వచ్చెను. జపాను వైద్యుడు ఇనోవే కాలి సిర గుండా బెలూనును పంపి, బిగిసిన కవాటమువద్ద ఉబ్బించి రెక్కలు విడదీయు విధానమును 1984లో ప్రకటించెను. అది కత్తితో చేయు చికిత్సకు సాటి వచ్చునా? అమెరికాలో ఈ జబ్బు అరుదైపోయెను. తేల్చుటకు రోగులు కావలెను. హైదరాబాదు నిజాం వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టర్ బి. సోమరాజుగారును వారి సహచరులును డెట్రాయిట్ వైద్యులతో కూడి, మొదట 40 మంది రోగులను చీటీలు వేసినట్లు రెండు తెగలుగా విభజించి, ఒక తెగకు బెలూను చికిత్సయు మరియొక తెగకు మూసిన గుండె శస్త్రచికిత్సయు చేసి, రెండును సమానమని 1991లో ప్రకటించిరి. పిమ్మట 60 మందిపై, ఈసారి గుండెను తెరచి చేయు శస్త్రచికిత్సతో పోల్చి, మూడేండ్లు వారిని కనిపెట్టియుండి, 1994లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఫలితము వెలువరించిరి: మూడేండ్ల పిదప బెలూను తెగవారి కవాటద్వారము సగటున 2.4 చదరపు సెంటీమీటర్లు, శస్త్రచికిత్స తెగవారిది 1.8. ఛాతీ కోయకయే ఎక్కువ మేలు కలిగెను.

ఈ పరీక్ష చిన్నదే. కాని లోకమంతటను వైద్యులు ఈ కవాటపు జబ్బుకు బెలూనును మొదటి చికిత్సగా ఎంచుకొనుటకు దోహదము చేసిన పరీక్షలలో ఇదియొకటి. ఆ సాక్ష్యమిచ్చిన గుండెలు మన ప్రాంతపు ఆసుపత్రికి వచ్చిన రోగులవి. వాడిన బెలూనునే శుద్ధిచేసి మరల వాడుట మన ఆసుపత్రులలో పరిపాటి యగుటచే ఖర్చు తగ్గి, పేదలకు అందెను. ధమనుల పరీక్షలలో మనవారి పేళ్ళు లేవు, కవాటపు పరీక్షలో కలవు. ఎందుచేతననగా ఆ జబ్బు మనకు మిగిలియుండెను. ఇది గర్వింపదగిన విషయమో కాదో నేను తేల్చుకొనలేకపోతిని.

శస్త్రచికిత్స డెల్టాకు దగ్గరగా వచ్చిన తరువాతి కథ వేగముగా చెప్పవచ్చును. 1991 నవంబరులో పుట్టపర్తిలో ఉచితముగా గుండె ఆపరేషన్లు చేయు ఆసుపత్రి వెలసెను. 2007లో ఆరోగ్యశ్రీ ప్రారంభమై తెల్లకార్డు కుటుంబములకు ప్రైవేటు ఆసుపత్రుల తలుపులు తెరచెను. 2016లో కృష్ణకు ఆవలి గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ గోపాలకృష్ణ గోఖలేగారు గుండెమార్పిడియే చేసిరి. 2023 సెప్టెంబరులో బందరులో ప్రభుత్వ వైద్యకళాశాల తరగతులు మొదలయ్యెను. దివిసీమకు మాత్రము కాలమెప్పుడును కొంత వెనుకనే నడచెను. 1977 సెప్టెంబరు 16న జూరిచ్‌లో గ్రూంట్జిగ్ గుండెధమనిలో బెలూను నుబ్బించి మొదటిసారి పూడిక విప్పగా, రెండు నెలలకు నవంబరు 19న ఉప్పెన ఆ సీమను ముంచి వేలమందిని పొట్టన పెట్టుకొనెను. శవములను లెక్కించుచున్న ఊళ్ళలో ధమనులను గూర్చి తలచువారెవరు?

పల్లెలలో ఎవరు దేనివలన చనిపోవుచున్నారను లెక్క మాత్రము చాలకాలము పట్టెను. 2003-04లో పొరుగున గోదావరి జిల్లాల 45 గ్రామములలో, ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ సంస్థ, హైదరాబాదు కేర్ ఫౌండేషన్, బైర్రాజు ఫౌండేషన్ కలిసి, మరణించిన ప్రతివాని ఇంటికిని మనుష్యులను పంపి, చివరి దినముల లక్షణములను బంధువుల నడిగి వ్రాసికొనిరి. 2006లో ఫలితము వెలువడెను: గుండె, రక్తనాళముల జబ్బులే మరణములలో 32 శాతము. కలిగినవారి జబ్బనుకొన్నది కాలువగట్ల కూలివాని జబ్బు కూడ నని ఆ లెక్క తేల్చెను. దక్షిణాసియావారికి మొదటి గుండెపోటు 53 ఏండ్ల ప్రాంతముననే వచ్చుచున్నదని, ఇతరదేశములవారికంటె ఐదారేండ్లు ముందని, 52 దేశముల పరిశోధన చూపినది. కొల్లేటి కావలి భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, కండరమునకు శక్తినిచ్చు ఫాస్ఫోక్రియాటిన్, ఏటీపీ అను పదార్థములను ఫిస్కేతో కలిసి హార్వర్డులో వెలికితీసిన మహాశాస్త్రజ్ఞుడు, 1948లో న్యూయార్కులో గుండె ఆగి మరణించిన వయస్సును సరిగా 53.

లెక్క తేలిన పిదప ఏమి చేయవలెనను ప్రశ్న మిగిలెను. పశ్చిమగోదావరిలో 18 ప్రాథమిక ఆరోగ్యకేంద్రముల పరిధిలో ఆశా కార్యకర్తల చేతికి పలకవంటి కంప్యూటరిచ్చి, ఇంటింట రక్తపుపోటు కొలిపించి, అపాయమున్నవారిని డాక్టరు వద్దకు పంపించిరి. 2019లో ప్రకటించిన ఫలితము ప్రకారము, రక్తపుపోటు అదుపులోనికి వచ్చుటలో ఈ ఊళ్ళకును మిగిలిన ఊళ్ళకును భేదము లేకపోయెను. కొలుచుట జరిగెను, కొలిచిన పిదప మాత్ర ప్రతిదినము నోటికి చేరుట వేరు పని. అపజయమును అట్లే అచ్చువేసినందుకు ఆ పరిశోధకులను నేను మెచ్చుకొందును. కోడూరులోనో నాగాయలంకలోనో రేపు ఈ పని చేయబూనువారు మొదట చదువవలసినది ఆ వ్యాసమే.