కరెంట్ పోయాక నెట్‌వర్క్ స్విచ్ సెట్టింగ్స్ పోతున్నాయా? ‘సేవ్’ నొక్కారో లేదో చూసుకోండి..

తుపాను వస్తే సిక్కోలు, విజయనగరం జిల్లాల్లో ముందు పోయేది కరెంటే. 2018 అక్టోబర్ 11న తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లోనే ఉన్నాయి. కరెంట్ తిరిగొచ్చినా కొన్ని షాపుల్లో, నెట్ సెంటర్లలో కంప్యూటర్లు, సీసీ కెమెరాలను కలిపే స్విచ్ పాత సెట్టింగ్స్ మర్చిపోవచ్చు. చాలాసార్లు కారణం చిన్నదే.. సేవ్ చేయకపోవడం!

పేజీ ఎలా తెరవాలి?
అన్‌మేనేజ్డ్ రకానికి సెట్టింగ్స్ పేజీ ఉండదు. స్మార్ట్ లేదా మేనేజ్డ్ రకమైతే కంప్యూటర్‌ను కేబుల్‌తో స్విచ్‌కి మాత్రమే కలపండి. ఐపీ అడ్రస్ మాన్యువల్‌లో ఉంటుంది. ఉదాహరణకు అది 192.168.0.1 అయితే, కంప్యూటర్‌కి 192.168.0.10, సబ్‌నెట్ మాస్క్ 255.255.255.0 ఇచ్చి, బ్రౌజర్‌లో స్విచ్ అడ్రస్ కొట్టాలి. లాగిన్ అవ్వగానే కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మార్చేయండి.

అప్లై వేరు.. సేవ్ వేరు
‘అప్లై’ నొక్కితే మార్పు వెంటనే పనిచేస్తుంది. కానీ కొన్ని మోడళ్లలో అది తాత్కాలిక మెమరీలోనే ఉంటుంది. ‘సేవ్ కాన్ఫిగ్’ నొక్కితేనే కరెంట్ పోయినా నిలుస్తుంది.

బ్యాకప్ మరవొద్దు
‘బ్యాకప్’ ఫైల్‌ని పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. పిడుగుకి స్విచ్ కాలిపోయినా, అదే మోడల్ కొత్తది కొని ‘రీస్టోర్’ చేస్తే పాత సెట్టింగ్స్ వచ్చేస్తాయి. పిన్నుతో నొక్కే రీసెట్ బటన్ జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు. అది సేవ్ చేసినవన్నీ చెరిపేస్తుంది.