మారిషస్ అడవిలో మన బుల్‌బుల్ ఏం చేస్తోంది?

పాత గోడ పగులులో రావి మొక్క మొలిస్తే దాన్నెవరు నాటారని ఎవరూ అడగరు. ఏ గోరింకో రావి పండు తిని అక్కడ రెట్ట వేసిందని అందరికీ తెలుసు. చెట్టు కదలలేదు. అందుకే పండును కూలిగా ఇచ్చి తన గింజను పిట్టచేత మోయిస్తుంది. వేల ఏళ్లుగా ఒకే చోట బతికిన చెట్లకూ పిట్టలకూ మధ్య ఈ ఒప్పందం చక్కగా కుదురుకుని ఉంటుంది. బయటి నుంచి కొత్త జంతువులు, కొత్త మొక్కలు వచ్చిపడితే అది ఎలా చెదిరిపోతుందో తెలుసుకోవడానికి హిందూ మహాసముద్రంలోని మారిషస్ దీవి మంచి ఉదాహరణ. 1598లో డచ్ ఓడలు వచ్చేనాటికి అక్కడ మనుషులు లేరు. కాబట్టి అక్కడ మొదటి నుంచీ ఉన్నదేదో, తర్వాత వచ్చిందేదో విడదీయడం మిగతా చోట్లకంటే తేలిక.

అలా తర్వాత వచ్చినవాటిలో మన ప్రాంతానివీ ఉన్నాయి. మిడతలను తింటుందని 1760లలో భారత్ నుంచి గోరింకను తెప్పించారు. తర్వాతి శతాబ్దంలో రామచిలుక వచ్చింది. 1892లో తలపై నల్ల తురాయి, చెంపపై ఎర్ర మచ్చ ఉండే బుల్‌బుల్ వచ్చింది. మనం పిగిలిపిట్టలని పిలిచే కుటుంబానిదే అది, అరకు వైపు వెళితే కనిపిస్తుంది. కోరంగి రేవు పేరు మీదుగా ఒకప్పుడు ‘కోరంగీలు’ అని పిలిపించుకున్న తెలుగు కూలీలు దిగిన దీవి కూడా ఇదే.

డోడో కథలో సగం నిజం

మారిషస్ అనగానే డోడో గుర్తొస్తుంది. అది చివరిసారి కనిపించినట్టు ఎక్కువమంది అంగీకరించే సంవత్సరం 1662. మనుషుల వేట ఒక కారణమైతే, వాళ్లు తెచ్చిన పందులు, కోతులు, ఓడల్లో వచ్చిన ఎలుకలు గుడ్లు తినేయడం మరో కారణం. డోడో ఒక్కటే కాదు, పండ్లు తిని బతికే నీలి పావురం, పెద్ద ముక్కు చిలుక, రెండు జాతుల భారీ తాబేళ్లు కూడా తర్వాతి రెండు శతాబ్దాల్లో అంతరించాయి. అడవిలో పండ్లు కాస్తూనే ఉన్నాయి, మోసేవాళ్లు మాత్రం లేరు.

ఇక్కడొక పేరుమోసిన కథ ఉంది. 1977లో అమెరికన్ శాస్త్రవేత్త స్టాన్లీ టెంపుల్ ‘సైన్స్’ పత్రికలో ఒక సిద్ధాంతం ప్రచురించారు. టాంబలకోక్ అనే స్థానిక చెట్టుకు మిగిలినవి 13 ముసలి చెట్లేననీ, దాని గట్టి గింజ డోడో కడుపులో అరిగితే తప్ప మొలకెత్తదనీ, అందుకే 300 ఏళ్లుగా కొత్త మొక్క రాలేదనీ అందులో రాశారు. టర్కీ కోళ్లకు 17 గింజలు మింగిస్తే పది చెడకుండా బయటపడ్డాయి, వాటిలో మూడు మొలిచాయి. కథ ఎంత బాగుందంటే ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో, సోషల్ మీడియాలో తిరుగుతూనే ఉంది. కానీ అది నిలబడలేదు. టర్కీ కడుపు దాటని గింజలు ఎన్ని మొలుస్తాయో టెంపుల్ పోల్చి చూడలేదు. అరగకుండానే ఈ గింజలు మొలకెత్తినట్టు అంతకుముందే రికార్డయింది. డోడో పోయిన తర్వాత పుట్టిన చెట్లు కూడా ఉన్నాయని మారిషస్ అటవీ అధికారులే అభ్యంతరం చెప్పారు.

ఈ చెట్టు కష్టానికి అసలు కారణాలు అంత కథాత్మకంగా లేవు. కాయ పక్వానికి రాకముందే కోతులు తెంపి పాడుచేస్తాయి. మొలిచిన మొక్కను పందులు, జింకలు బతకనివ్వవు. వాటిని తప్పించుకున్నది విదేశీ పొదల నీడలో చిక్కిపోతుంది. ఒక పిట్ట, ఒక చెట్టు, తెగిన ఒక దారం అనే లెక్కలో చూస్తే ఇవేవీ కనబడవు.

కొత్త కూలీలు పని చేస్తున్నారా?

డోడో పోతే పోయింది, దాని పని బుల్‌బుల్, గోరింక, కోతి చేస్తాయి కదా అన్నది సహజంగా వచ్చే ప్రశ్న. 2023లో ‘నేచర్ కమ్యూనికేషన్స్’లో వచ్చిన ఒక అధ్యయనం సరిగ్గా దీన్నే పరిశీలించింది. సంఖ్య వరకు చూస్తే లెక్క సరిపోయింది. అంతరించిన జంతువులతో పాటు పోయిన సంబంధాలు ఎన్నో, కొత్త జంతువులతో ఏర్పడినవీ దాదాపు అన్నే. అయితే ఎవరు గింజను ఏం చేస్తున్నారని చూస్తే చిత్రం మారిపోయింది. పోయినవాటిలో చాలావరకు గింజను మోసే సంబంధాలు. వాటి స్థానంలో వచ్చినవి ఎక్కువగా గింజను నమిలేసే, కొరికి నాశనం చేసే సంబంధాలు. ఎలుక పండు తింటుంది నిజమే, కానీ గింజనూ వదలదు.

బుల్‌బుల్ అలా కాదు. గింజను చెడగొట్టకుండా మింగి, గుజ్జు వదిలించి, తల్లిచెట్టుకు దూరంగా పడేస్తుంది. మంచి రవాణాదారే. చిక్కంతా అది మోసే సరుకుతోనే. దాని నోరు చిన్నది కాబట్టి పెద్ద గింజల స్థానిక పండ్లు దానికి పట్టవు. చిన్న, మెత్తని పండ్లను విపరీతంగా కాసేవి విదేశీ పొదలే. వాటిలో ఒకటి లిగస్ట్రమ్. దాని స్వస్థలం శ్రీలంక. అంటే దక్షిణాసియా పిట్ట, దక్షిణాసియా చెట్టు వేల కిలోమీటర్ల అవతల కలుసుకున్నాయి. శ్రీలంకలో ఈ చెట్టు ఎవరికీ బెడద కాదు, దాన్ని తినే పురుగులు అక్కడ ఉన్నాయి. పక్కనున్న రీయూనియన్ దీవికి లిగస్ట్రమ్ 1960లలో, బుల్‌బుల్ 1972లో చేరాయి. అక్కడా ఆ చెట్టు అడవులను ఆక్రమిస్తోంది, దాని గింజలు మోసేవాటిలో ఈ పిట్ట ముఖ్యమైనది.

మన దేశంలో ఇదే కథ తిరగబడి కనిపిస్తుంది. పిట్ట మనదే, పొద అమెరికా ఖండాల నుంచి వచ్చిన లాంటానా. 2020లో వచ్చిన అంచనా ప్రకారం అది దేశంలో లక్షన్నర చదరపు కిలోమీటర్లకు పైగా అటవీ ప్రాంతంలో పాకింది. దాని నల్లని పండ్లను తిని గింజలు చల్లేది బుల్‌బుల్‌లు, గోరింకలే.

మారిషస్‌లో మరో పెద్ద ఆక్రమణదారు బ్రెజిల్ నుంచి వచ్చిన చిన్న ఎర్ర జామ. స్థానికులు దాన్ని ‘చైనా జామ’ అంటారు, సీజన్‌లో ఇష్టంగా ఏరుకు తింటారు. పిట్టలు, కోతులు, పందులు దాని గింజలను అడవి లోపలిదాకా చేరవేస్తాయి. కర్రలు పాతినట్టు దట్టంగా పెరిగే ఆ గుబురులో స్థానిక మొక్క మొలవడమే కష్టం. దీవిలో మంచి స్థితిలో ఉన్న స్థానిక అడవి రెండు శాతం కూడా లేదు.

చెట్టుకు నష్టమైతే పిట్టకూ నష్టమే. అక్కడి స్థానిక ఎకో చిలుక ముసలి చెట్ల తొర్రల్లో గూడు పెడుతుంది. చెట్లు తగ్గి తొర్రలు తగ్గాయి, మిగిలినవాటికి రామచిలుకలు పోటీకి వచ్చాయి. గులాబీ పావురం 1990 నాటికి అడవిలో దాదాపు పదికి పడిపోయింది. బందీ సంరక్షణలో పెంచి వదలడంతో ఇప్పుడు వందల్లో ఉంది. అయినా వాటికి తిండిగింజలు అందించే ఏర్పాటు కొనసాగుతూనే ఉంది. పిట్టల సంఖ్య పెరిగిందంటే అడవితో వాటి పాత సంబంధం తిరిగొచ్చిందని కాదు.

పరాయి చెట్టు ఇచ్చిన ఆశ్రయం

అయితే బయటి నుంచి వచ్చిందల్లా పీకేయాలనుకుంటే అదీ చిక్కే. 1980లలో చివరి అడవి గులాబీ పావురాలు గూళ్లు పెట్టుకున్న తోపు జపాన్ నుంచి తెచ్చి నాటిన క్రిప్టోమేరియా చెట్లది. మారిషస్ ఫోడీ అనే ఎర్రతల పిచ్చుకకూ అదే దిక్కయింది. స్థానిక చెట్ల మీద పెట్టిన గూళ్లను ఎలుకలు, కోతులు దోచేస్తుంటే, గుచ్చుకునే ఆకులతో గుబురుగా ఉండే ఈ చెట్ల మీద పిల్లలు బతికి బయటపడ్డాయి. ఆ తోపులను తొందరపడి నరికి ఉంటే పిట్టలూ పోయేవి.

మారిషస్ తీరానికి దగ్గరగా ఉన్న ఈల్ ఓ జెగ్రెట్ అనే లంకలో ఇంకా తెగించారు. దాదాపు 26 హెక్టార్ల ఆ లంకలో ముందు ఎలుకలను పూర్తిగా తొలగించారు. 2000లో, అంతరించిన మారిషస్ తాబేళ్లకు బదులుగా అల్డాబ్రా దీవుల జాతి భారీ తాబేళ్లను తెచ్చి వదిలారు. అంటే బయటి జాతి చేసిన నష్టాన్ని మరో బయటి జాతితో సరిదిద్దే ప్రయత్నం. అక్కడి నల్లచేవ చెట్ల పండ్లు అంతవరకూ తల్లిచెట్ల కిందే రాలి కుళ్లిపోయేవి. తాబేళ్లు వాటిని తిని లంకంతా తిరగడంతో దూరంగా కొత్త మొక్కలు లేచాయి, వాటి కడుపు దాటిన గింజలు మెరుగ్గా మొలిచాయి కూడా. ఈ ఫలితాలు 2011లో ‘కరెంట్ బయాలజీ’లో వచ్చాయి. ఫోడీలనూ, గులాబీ పావురాలనూ ఆ లంకలో వదిలారు. ఎలుకలూ కోతులూ లేని చోట ఫోడీకి జపాన్ చెట్టు అవసరం పడలేదు.

ప్రధాన దీవిలో అది అంత తేలిక కాదు. అక్కడ కోతులను, ఎలుకలను పూర్తిగా తొలగించే దారి ఇంతవరకు దొరకలేదు. బ్లాక్ రివర్ గార్జెస్ జాతీయ పార్కులో కొన్ని ముక్కలకు కంచె వేసి, జామనూ లిగస్ట్రమ్‌నూ చేతులతో పీకిస్తారు. పీకిన చోట స్థానిక మొక్కలు లేస్తాయి. కంచె పందినీ జింకనూ ఆపుతుంది. బుల్‌బుల్‌ను ఆపలేదు, అందుకే కూలీలు మళ్లీ మళ్లీ అదే చోటికి కలుపు తీయడానికి వస్తారు.