జాగీరు ఎరిగినవాళ్లకు తాతార్ మీర్జాల కథ

నారాయణఖేడ్ 1956 దాకా బీదర్ జిల్లాలో ఉండేది. జాగీరు, దేశ్‌ముఖ్, పట్టా అంటే ఏమిటో అక్కడ ఎవరికీ విడమరిచి చెప్పనక్కర్లేదు. అందుకే రష్యాలో నేనుంటున్న ఈ కజాన్ చరిత్ర మనవాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. 1552లో జార్ ఇవాన్ కజాన్‌ను గెలిచాక, మీర్జాలనే తాతార్ దొరలు చాలామంది ఆయన కొలువులో చేరారు. గుర్రంతో యుద్ధానికి వచ్చినంతకాలం వాళ్లకు భూమీ, దాన్ని దున్నే రైతులూ ఉండేవి. రష్యన్ దొరల్లో ఎక్కువమందిదీ ఇదే కట్టుబాటు.

1713లో జార్ పీటర్ ఉత్తర్వు వేశాడు. క్రైస్తవ రైతులున్న ముస్లిం మీర్జాలు ఆరు నెలల్లో బాప్తిస్మం తీసుకోవాలి, లేదంటే ఆ భూములు రైతులతో సహా సర్కారుకు పోతాయి. ఇదంతా మతం గొడవే అంటారు. కాదనను, మతం మారినవాళ్లకు భూములు దక్కాయి. అంతకుముందే మారిన యూసుపోవ్ వంశం రష్యాలోకెల్లా గొప్ప ధనికులైంది. కానీ మతం దగ్గరే ఆగితే మరుసటి ఏడాది జరిగింది కళ్లకు ఆనదు. కొలువు కోసం ఇచ్చిన భూమికీ, తాతల నాటి భూమికీ తేడా తీసేసి రెండూ వారసత్వపు ఆస్తేనని అదే పీటర్ 1714లో ప్రకటించాడు. 1762లో దొరలకు కొలువు బాధ్యత కూడా తప్పింది, భూములు మాత్రం చేతిలోనే ఉన్నాయి. అంటే కొలువు భూమి సొంత ఆస్తిగా మారే ఆ గడియలోనే మీర్జాలను వరుసలోంచి తప్పించారు. అసలు దెబ్బ ఇది. పైగా 1718లో వాళ్లను నౌకాదళం పనికి అప్పగించారు. దొరబిడ్డలనిపించుకున్నవాళ్లు చలికాలంలో గొడ్డలి పట్టి ఓక్ చెట్లు నరికి, సొంత గుర్రాలతో దుంగలు లాగాల్సి వచ్చింది.

మన దేశ్‌ముఖ్‌ల సంగతి దీనికి సరిగ్గా తిరగేసినట్టుంటుంది. నిజాం దివాన్ సాలార్‌జంగ్ 1860లలో శిస్తు వసూలును సర్కారు చేతిలోకి తీసుకున్నప్పుడు వాళ్ల పని పోయింది, కానీ రుసుం దక్కింది, వేల ఎకరాలు పట్టా అయ్యాయి. పట్టాకు ఎక్కని జాగీరు మాత్రం 1949లో ఒక్క రెగ్యులేషన్‌తో రద్దయింది.

1784లో కేథరీన్ మహారాణి మీర్జాలకు దొరతనం తిరిగి ఇచ్చింది కదా అని అడగవచ్చు. ఇచ్చింది, వంశం రుజువు చేసుకునే కాగితాలు చూపగలిగినవాళ్లకు. క్రైస్తవ రైతులను ఉంచుకునే హక్కు మాత్రం ఇవ్వలేదు. దున్నే మనుషుల లెక్కన భూమి విలువ కట్టే ఆ దేశంలో, ఆ హక్కు లేని దొరతనంతో పోయిన ఎస్టేటు తిరిగి రాదు. చాలామంది అప్పటికే వ్యాపారంలోకో, సొంత నాగలి దగ్గరికో వెళ్లిపోయారు.