హృదయ పరీక్షల లెక్కలు – జనసామాన్యము

మన ఉప్పర్వాహి రాజురా ప్రాంతములోనిది. రాజురా తాలూకా 1956 వరకు హైదరాబాదు రాష్ట్రమున ఆదిలాబాదు జిల్లాలో నుండెను. పిమ్మట నాందేడు జిల్లాకును, 1959లో చాందా జిల్లాకును మారెను. మనుష్యులు ఉన్నచోటనే యుండిరి. వారు చేరిన చిట్టా మారెను. బ్రతుకంతయు గుమాస్తాగిరిలో గడపిన మేము ఏ లెక్కను చూచినను "ఇందెవరు చేరిరి? ఎవరు చేరలేదు?" అని యడుగుదుము. గుండెజబ్బు పరీక్షల యందును అడుగవలసినది ఇదియే.

రక్తములోని కొలెస్టరాలు మొదలగువాని కొలతలను బట్టి గుండెకు రాగల అపాయమును ముందుగా నంచనా వేయు విధానమునకు పునాది అమెరికాలోని ఫ్రామింగ్‌హాం పట్టణమున 1948లో పడెను. అచ్చట 5209 మందిని రెండేండ్ల కొకమారు పరీక్షించుచు వచ్చిరి. వారిలో 740 మంది స్వయముగా ముందుకు వచ్చినవారు. దాదాపు అందరును తెల్లజాతివారు. ఆ శోధన లోకమునకు మహోపకారము చేసెను. అయినను ఒక యూరి లెక్క లోకమున కంతటికి చాలదు. 52 దేశములలో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ శోధనలో, అపాయ కారణములు అంతటను ఇంచుమించు ఒకటియే యైనను, దక్షిణాసియా వారికి తొలి గుండెపోటు పిన్న వయస్సుననే వచ్చుచున్నదని తేలెను.

తెలుగునాట గోదావరి జిల్లాల పల్లెలలో జరిగిన శోధన మరియొక సత్యమును చూపెను. 2003–04లో 45 గ్రామములందు సంభవించిన మరణముల కారణములను ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికి పోయి విచారింపగా, నూటికి 32 గుండె, రక్తనాళముల జబ్బుల వలననే యని తెలిసెను. ఇది పట్నవాసపు జబ్బని తలచినవారి భ్రమ తొలగెను. ఆసుపత్రి చిట్టాలను మాత్రమే తిరుగవేసినచో ఈ సంగతి బయటపడెడిది కాదు.

ప్రయోగశాలకు వచ్చువారెవరు? నలతపడినవారు, సొమ్ము గలవారు, కొలువు నిమిత్తము పంపబడినవారు. వారి సగటు ఊరి సగటు కానేరదు. మా యెరుకలో నొక తాపీమేస్త్రి ఒక్కమారైనను రక్తపరీక్ష చేయించుకొనకయే ఛాతినొప్పితో గతించెను. ఏ ప్రయోగశాల సగటులోను ఆయన లేడు.

ఈ లోటు తీర్చుటకే భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో 2008 నుండి 2020 వరకు ఇండ్లనే ఎన్నుకొని 1,13,043 మందిని పరీక్షించిరి. 2023లో వెలువడిన ఆ ఫలితములలో, కొవ్వుల పరీక్ష జరిగినవారిలో నూటికి 81 మందికి ఏదో యొక తేడా కలదని తెలిసెను. వీరిలో తమ స్థితి నెరుగక తిరుగువారెందరో!

కావున ప్రయోగశాల కాగితమును తృణీకరింపవలదు. దానిని మన వయస్సు, వంశము, రక్తపోటు, పొగాకు అలవాటులతో కలిపి వైద్యునికి చూపవలెను. అంతకంటె ముఖ్యముగా, పరీక్షకు రాలేనివారి గడపకు మన సంఘమే పోవలెను. చిట్టాలో చేరనివాడును మనవాడే.