కేంద్రకానికి అంచు గీసిన లెక్కలు

పరమాణువు మధ్యలో కేంద్రకం ఉందని 1911లో రూథర్‌ఫర్డ్ చెప్పిన సంగతి మన సభ్యుల్లో చాలామందికి హైస్కూలు పాఠంగా గుర్తుండే ఉంటుంది. దాని పరిమాణం, ఆకారం కచ్చితంగా తేలడానికి మరో నలభై ఏళ్లకు పైగా పట్టింది. ఆ చరిత్రలో యంత్రాలకు వచ్చిన పేరు లెక్కలకు రాలేదని నా అభిప్రాయం. అందుకే ఈ నాలుగు మాటలు.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ హాఫ్‌స్టాటర్ 1953 నుంచి ఎలక్ట్రాన్లను మహావేగంతో బంగారం వంటి లోహాల రేకుల మీదికి పంపి, ఏ కోణంలో ఎన్ని చెదురుతున్నాయో లెక్కపెట్టాడు. ఎలక్ట్రాన్లనే ఎంచుకోవడానికి కారణముంది. కేంద్రకాన్ని కలిపి ఉంచే బలమైన శక్తి వాటిని అంటదు. వాటిపై ముఖ్యంగా పనిచేసేది విద్యుత్ శక్తి. దాని సూత్రాలు ముందే తెలుసు.

కేంద్రకం వట్టి బిందువైతే ఎన్ని చెదరాలో చెప్పే సూత్రాన్ని 1929లోనే మాట్ ఇచ్చాడు. పెద్ద కోణాల్లో వచ్చినవి అంతకన్నా బాగా తక్కువ. అంటే ఆవేశం కొంతమేర పరుచుకుని ఉందన్నమాట. ఎలా పరుచుకుందో మాత్రం కొలతలో నేరుగా కనిపించదు. ఒక ఆకారం ఊహించి, దానికి ఎన్ని చెదరాలో లెక్కగట్టి, కొలతతో సరిచూడాలి. తేడా వస్తే ఆకారం మార్చి మళ్లీ మొదలుపెట్టాలి. ఆఫీసు పద్దులను ట్రెజరీ పద్దులతో పైసలతో సహా సరిచూసిన మనవాళ్లకు ఆ ఓపిక ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు.

తేలిక కేంద్రకాలకు ఉజ్జాయింపు లెక్క చాలావరకు సరిపోయేది. 79 ప్రోటాన్లున్న బంగారం దగ్గర అది నిలవలేదు. అంత ఆకర్షణకు ఎలక్ట్రాన్ తరంగమే రూపు మారిపోతుంది. అప్పుడు యెన్నీ, రావెన్‌హాల్, విల్సన్ అనే ముగ్గురు డిరాక్ సమీకరణం ఆధారంగా, ఆ తరంగాన్ని భాగాలుగా విడదీసి, ఒక్కో భాగాన్నీ విడిగా లెక్కించి కూడారు. ఆ పని 1954లో అచ్చయింది.

తేలిందేమిటంటే, కేంద్రకం నున్నటి గోళీ కాదు. బంగారు కేంద్రకంలో ఆవేశ సాంద్రత మధ్య నుంచి సుమారు 6.4 ఫెర్మీల దూరంలో సగమవుతుంది. అంచు దగ్గర 90 శాతం నుంచి 10 శాతానికి దిగడానికి 2 ఫెర్మీలకు పైగా పడుతుంది. మిల్లీమీటరును లక్ష కోట్ల భాగాలు చేస్తే ఒక భాగం ఫెర్మీ. ప్రోటాను సైతం బిందువు కాదని 1955లో ఇదే దారిలో తెలిసింది.

1961 నోబెల్ బహుమతిలో సగం హాఫ్‌స్టాటర్‌కు దక్కింది. అది న్యాయమే. లెక్క కట్టిన ముగ్గురి పేర్లు మాత్రం ఆ శాస్త్రం చదివినవారికే తెలుసు. 2023లో జపాన్‌లోని రైకెన్ సంస్థ అక్కడికక్కడే తయారుచేసిన రేడియోధార్మిక కేంద్రకాలపైనా ఎలక్ట్రాన్లను చెదరగొట్టింది. ఇప్పటికీ కొలత ఒక్కటే చాలదు. పక్కన లెక్క కూర్చుంటేనే కేంద్రకం రూపు కళ్లకు కడుతుంది.