మిద్దెయింట పంతొమ్మిది అంగుళాలు



చాలా నెలల తరువాత వ్రాస్తున్న టపా ఇది. ఇంతకాలం ఏమైపోయావని అడిగిన మిత్రులకు సమాధానం కూడా ఇదే. ఒక ఇనుపపెట్టెకు ఇంట్లో చోటు వెదకుతూ ఉండిపోయాను. నంద్యాలలో కుదరని చోటు చివరకు ఆళ్లగడ్డలో కుదిరింది. ఈ వెదుకులాటలో ఆ పెట్టె చరిత్ర, మా పాత ఇంటి చరిత్ర, మా నాన్నగారి ఉద్యోగచరిత్ర ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని తెలిసింది.

పెట్టె అంటే సర్వరు పెట్టె. కార్యాలయాలలో ఇనుప చట్రానికి బిగించే రకం. సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటరులో పాతదానిని కొన్నాను. వెడల్పు 19 అంగుళాలు, ఎత్తు 7 అంగుళాలు, లోతు 26 అంగుళాలు. డిస్కులన్నీ బిగిస్తే ఇద్దరు పట్టి ఎత్తవలసిందే. ఇంతటిదాన్ని ఇంటికి తేవడమెందుకంటే, మనలో చాలామందికి తెలిసిన కారణమే. 2009లో యాహూ 360 మూతపడింది, అదే ఏడాది అక్టోబరులో జియోసిటీస్ పోయింది, 2011లో విండోస్ లైవ్ స్పేసెస్ పోయింది. వాటితోపాటు ఎందరి వ్రాతలో పోయాయి. ఈ టపా ఉన్నదీ ఉచితస్థలంలోనే కనుక నేనెవరినీ ఆక్షేపించను. కాని ఊరికే ఇచ్చినవాడు ఊరికే తీసికొనిపోగలడు. మన వ్రాతలకు మన ఇంట ఒక ప్రతి ఉండాలనుకున్నాను.

ఇంతకీ ఈ 19 అంగుళాల లెక్క ఎక్కడిది? కంప్యూటర్లది కాదు, టెలిఫోన్లది. దూరప్రాంతపు సంభాషణ దారిలో క్షీణించకుండా బలం పుంజించే రిపీటరు యంత్రాలను అమెరికాలో 1914 నాటికే వాడసాగారు. తొలినాళ్లలో వాటికంటూ ఒక స్థానం లేదు. దొరికిన అలమరాలలో, కొయ్యపెట్టెలలో సర్దేవారు. సంఖ్య పెరిగేసరికి గదులు చాలలేదు. 1922 ప్రాంతంలో అక్కడి ఏ.టీ.అండ్.టీ. సంస్థ ఇంజనీర్లు ఒక కట్టుబాటు చేశారు. ఏ పలకయినా ఒకే వెడల్పు ఉండాలి, ఎత్తు మాత్రం ఒకటీముప్పావు అంగుళానికి గుణిజంగా ఉండాలి. ఆ ఒకటీముప్పావు అంగుళాన్నే నేడు ఒక 'యు' అంటున్నారు. నా పెట్టె నాలుగు యు, అంటే సరిగ్గా ఏడంగుళాలు. లోపల ఉన్న యంత్రం వందసార్లు మారింది, చట్రం కొలత మారలేదు.

కొలతతోపాటు ఒక అలవాటు కూడా సంక్రమించింది. భవనమే యంత్రానికి లొంగి ఉండాలన్నది ఆ అలవాటు. మన దేశంలోనూ 1955లో కలకత్తా గణాంక సంస్థకు వచ్చిన కంప్యూటరు మొదలుకొని, 1969లో హైదరాబాదు ఈసీఐఎల్ తయారుచేసిన టీడీసీ-12 దాటి, చాలాకాలం ఇదే పద్ధతి. కంప్యూటరు అంటే గది, గది అంటే చల్లదనం. నేను చదివినచోట కంప్యూటరు గది బయట చెప్పులు విడవాలన్న నియమం ఉండేది. గుడికి, దానికి భేదం ప్రసాదం ఒక్కటే.

ఆ గడప దాటి కంప్యూటరు గృహప్రవేశం చేసిన కథలలో నంద్యాలవారు మరువరానిది ఒకటుంది. 1991 నవంబరు ఉపఎన్నికలో మా ఊరినుంచి లోక్‌సభకు వెళ్లిన పీవీ నరసింహారావుగారు, అంతకు కొన్నేళ్ల ముందే, అరవై దాటిన వయసులో, ఢిల్లీలో తమ ఇంటికి ఒక కంప్యూటరు తెప్పించుకొని, కోబాల్, బేసిక్ భాషలలో ప్రోగ్రాములు వ్రాయడం నేర్చారు. అయితే అది బల్లమీద ఇమిడే యంత్రం. చట్రానికెక్కే యంత్రం మా పల్లెలకు మరో దారిన వచ్చింది.

ఆ దారి సీడాట్‌ది. 1984లో స్థాపించిన ఈ సంస్థ పల్లెల కోసం 128 లైన్ల చిన్న ఎక్స్ఛేంజిని రూపొందించింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిత్తూరులో నెలకొన్నది. దాని ప్రత్యేకత ఒక్కమాటలో చెప్పవచ్చు: ఏసీ అక్కరలేదు. పల్లెలో ఏసీ ఉండదు, ఉన్నా కరెంటు ఉండదు, కనుక తక్కువ విద్యుత్తుతో, తక్కువ వేడితో, దుమ్ములోనూ పనిచేసేటట్లు కట్టారు. భవనాన్ని యంత్రానికి వంచే పద్ధతి ఇక్కడ తిరగబడింది.

మా నాన్న టెలిఫోన్ శాఖలో మెకానిక్. ఆళ్లగడ్డ చుట్టుపక్కల ఒక పల్లెలో అద్దెకు తీసుకున్న గదిలో ఇటువంటి ఎక్స్ఛేంజిని ఆయన ఏళ్లతరబడి చూసుకున్నారు. రోజూ బ్యాటరీల వోల్టేజి, గదిలో వేడి, వాన పడిందా లేదా, ఏ లైను చెడింది, ఏ ఇంటికి కొత్తగా కనెక్షను ఇచ్చారు, అన్నీ నోటుపుస్తకాలలో వ్రాసేవారు. ఎవరూ అడగని లెక్క అది. ఒక పల్లె తొలిసారి బయటి ప్రపంచంతో మాట్లాడిన తేదీలు ఆ పుస్తకాలలో తప్ప ఎక్కడా లేవని నాకు ఆయన పోయాక కాని తట్టలేదు.

2019 సెప్టెంబరు వానలకు నంద్యాలలో మేమున్న ఇంట్లోకి నీరు వచ్చింది. నోటుపుస్తకాలు తడిశాయి. పుట పుటా ఆరబెట్టి స్కాను చేశాను. కాగితాలు బూజుపట్టి చేతికి రాకుండా పోయాయి. ఇక మిగిలింది బొమ్మలే. వాటికోసం, మిత్రులిచ్చిన పాత టపాలకోసం, మేడమీది ఇంటికి మారాక ఈ పెట్టె కొన్నాను.

అక్కడ నేను చేసింది 1914 నాటి పని. మోత వినపడకూడదని ఒక కొయ్య బీరువాలో దూర్చి తలుపు మూశాను. పైన కాంక్రీటు కప్పు. నంద్యాల మే నెల గురించి చెప్పనక్కరలేదు. పగలు కాగిన కప్పు రాత్రంతా వేడిని కిందికి వదలుతుంది. పెట్టె వాడేది సుమారు 200 వాట్లు. అంటే ఇద్దరు మనుషుల ఒంటివేడి. మే నెలలో ఇద్దరిని బీరువాలో పెట్టి తాళం వేస్తే ఏమవుతుందో అదే అయింది. ఒకే రాత్రి రెండు డిస్కులు పోయాయి. ఒకటి రెండవదానికి ప్రతి. ఒకే పెట్టెలోని ప్రతి ప్రతి కాదన్న సంగతి ఆ రాత్రి నేర్చుకున్నాను. తక్కిన పుస్తకాల ప్రతులు మా చెల్లెలి దగ్గర ఉన్నాయి. మూడు పుస్తకాలు మాత్రం ఎక్కడా లేవు.

ఆళ్లగడ్డకు వెళ్లి అమ్మకు చెప్పాను. ఆమె నన్ను ఓదార్చలేదు. "తలుపులు మూసి పెడ్తే అది మాత్రం ఎట్ల బతుకుతాదిరా? మీ నాయన పొద్దు గుంకుతానే ఎక్స్ఛేంజి కిటికీలు తెర్సేటోడు, తెల్లారి ఎండెక్కకముందే మూసేటోడు" అన్నది. మిగిలిన పుస్తకాలు తెరచి చూశాను. నిజమే, వేసవి పుటలన్నిటా గదివేడి పక్కన కిటికీ తెరచిన వేళ, మూసిన వేళ ఉన్నాయి. స్కాను చేసినవాణ్ణి నేనే, చదవనివాణ్ణీ నేనే.

మాది పాత మిద్దె. మూరెడు మందపు రాతిగోడలు. దూలాలు, వాటిమీద దంతెలు, ఆపైన మట్టి, వాన దిగకుండా అన్నిటికీ పైన చౌడుమట్టి. నడుమ గవాచి, అంటే వెలుతురుకు, గాలికి కప్పులో విడిచిన రంధ్రం. వాన వస్తే నాపరాయి పలక కప్పుతాం. వేడిగాలి తేలిక కనుక పైకి లేచి గవాచిగుండా పోతుంది, దాని స్థానంలోకి కిందినుంచి చల్లగాలి వస్తుంది. మందపు మట్టికప్పు పగటి ఎండను లోనికి త్వరగా రానీయదు. ధాన్యానికి, మనుషులకు అక్కరకు వచ్చిన ఈ ఏర్పాటు యంత్రానికీ సరిపోతుందని నాకు తోచడానికి నలభై ఏళ్లు పట్టింది.

ఊళ్లో వెల్డింగు పనివాడు యాంగిల్ ఇనుముతో నాలుగు కాళ్ల చట్రం చేశాడు. శతాబ్దం కిందటి కొలతలు కాగితంమీద గీసి ఇచ్చాను. వరద గుర్తుండి అడుగు ఎత్తున రాతిపీఠం కావాలనుకున్నాను. ఆళ్లగడ్డలో శిల్పులకు కొదవ లేదు కదా! కొలతలు చెబితే శిల్పి, "ఏ దేవునికి సార్?" అన్నాడు. చెప్పాను. నవ్వి, మూలలు నున్నగా చేసి ఇచ్చాడు.

ఇప్పుడు పెట్టె గవాచి కింద ఉంది. దుమ్ము పడకుండా ముందువైపు పలుచని గుడ్డ కట్టాను, అమ్మ వారానికొకసారి విదిలిస్తుంది. ఎత్తయిన పెట్టె కనుక పెద్ద ఫ్యాన్లు నిదానంగా తిరుగుతాయి. మోత తుమ్మెదను మించదు. నెలకు సుమారు 144 యూనిట్లు కాలుతుంది, ఆ ఖర్చు నాది. రెండవ ప్రతి నంద్యాలలో, మూడవది చెల్లెలి దగ్గర.

పోయిన మూడు పుస్తకాలు రావు. కాని ఆ పల్లెలో ఏ ఇంటికి ఏ పండుగ ముందు టెలిఫోను వచ్చిందో అమ్మకు కొంత గుర్తుంది. తేదీలు చెప్పలేదు, "ఆ యేడు సెనక్కాయలు బాగా పండినాయి" అని చెబుతుంది. శనివారాలు నంద్యాలనుంచి బస్సెక్కి వెళ్లి, ఆ పెట్టె పక్కనే కూర్చొని, ఆమె చెప్పినట్లే వ్రాసుకొంటున్నాను.

మీ దగ్గర పాత టపాలుంటే పంపండి. చట్రంలో ఇంకా చోటుంది.