రాజును పొగుడుతూనే తప్పుపట్టిన పుస్తకం

విజయనగరం, పద్మనాభం పరిసరాల్లో పొట్నూరు అనే ఊరుంది. గజపతుల మీద గెలిచిన శ్రీకృష్ణదేవరాయలు జయస్తంభం నాటించింది అక్కడే. సింహాచలం గుడి శాసనంలో మరో ముచ్చట ఉంది. 1516లో రాయలు అప్పన్న దర్శనానికి వచ్చి, అమ్మానాన్నలకు పుణ్యం దక్కాలని 991 ముత్యాల హారం సమర్పించాడు. ముత్యాల లెక్క కూడా రాతి మీద చెక్కించిన ఆ శ్రద్ధ చూస్తే ముచ్చటేస్తుంది.

అదే కాలంలో పోర్చుగల్‌ను ఏలినవాడు మొదటి మాన్యుయెల్ (1495-1521). వాస్కో డ గామా కాలికట్‌కు రావడం, గోవా పోర్చుగీసుల వశం కావడం ఆయన హయాంలోనే జరిగాయి. రాయల సైన్యానికి కావలసిన మేలుజాతి గుర్రాలు సముద్రం మీదుగా పశ్చిమ తీరపు రేవులకే వచ్చేవి. పోర్చుగీసు గవర్నరు అల్బుకెర్క్ 1510లోనే లూయిస్ అనే క్రైస్తవ సన్యాసిని హంపీకి రాయబారిగా పంపాడు. మన సింహాచలం దాకా దండెత్తి వచ్చిన రాయలు ఇలా లిస్బన్ లెక్కల్లోకీ ఎక్కాడు.

మాన్యుయెల్ చరిత్రను లాటిన్‌లో రాసినవాడు సిల్వెస్ బిషప్ జెరోనిము ఒసోరియో. 'దే రెబుస్ ఎమ్మాన్యుయేలిస్' అనే ఆ పన్నెండు భాగాల గ్రంథం 1571లో లిస్బన్‌లో అచ్చయింది. ముద్రాపకుడు అంతోనియో గొన్సాల్వెస్. మరుసటి ఏడు కమోయెన్స్ మహాకావ్యం 'లుసియదాస్' అచ్చువేసిందీ ఆయనే. ఒసోరియోకు ప్రధాన ఆధారం దమియావో ద గోయిష్ అప్పటికే పోర్చుగీసులో రాసిన రాజచరిత్ర. యూరప్ పండితులంతా చదవాలంటే మాత్రం అప్పట్లో లాటినే దారి. లాటిన్‌లో ఒసోరియోది అందెవేసిన చెయ్యి. తొలి ముద్రణ ప్రతులు ఇప్పుడు అరుదు.

పుస్తకమంతా రాజు విజయాలే. అయినా ఒకచోట ఆ కలం ఎదురుతిరుగుతుంది. స్పెయిన్ రాకుమారిని పెళ్లాడడానికి షరతుగా మాన్యుయెల్ 1496 డిసెంబరులో యూదులను దేశం విడిచి పొమ్మన్నాడు. 1497లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలను తల్లిదండ్రుల నుంచి లాక్కుని బాప్తిజం ఇప్పించాడు. బిడ్డలను అప్పగించలేక బావుల్లో తోసి, తామూ ప్రాణాలు తీసుకున్నవాళ్లున్నారు. ఒసోరియో ఈ ఘోరాన్ని దాచలేదు, రాజు ఉద్దేశం మంచిదేనంటూ సర్దిచెప్పి ఊరుకోలేదు. విశ్వాసం మనసుకు సంబంధించినదనీ, దాన్ని బలవంతంగా రుద్దడం ధర్మమూ కాదు, మతమూ కాదనీ తేల్చిచెప్పాడు. ఫ్రెంచి రచయిత మాంటేన్ ఈ ఘట్టాన్ని ఒసోరియో పేరు చెప్పి మరీ తన వ్యాసాల్లో ప్రస్తావించాడు.

ఇక్కడ కాలాన్ని గమనించాలి. పుస్తకం అచ్చయ్యేనాటికి సింహాసనం మీద ఉన్నది మాన్యుయెల్ మునిమనవడు సెబాస్టియన్. మతవిచారణ న్యాయస్థానం రాజ్యమేలుతున్న రోజులవి. ఒసోరియో పుస్తకం వెలువడిన 1571లోనే, ఆయనకు ఆధారమైన గోయిష్‌ను ఆ న్యాయస్థానం పట్టుకుపోయింది. అలాంటి ఏడాదిలో ఒక బిషప్ రాజు తప్పును అచ్చులో పెట్టడం నాకు గొప్ప సాహసంగా కనిపిస్తుంది.

మన శాసనాల్లో ఇలాంటి మాట దొరకదు. దానం, విజయం, వంశం చెప్పడమే వాటి పని. దండు నడిచిన దారిలోని పల్లెలకు ఏమైందో పొట్నూరు జయస్తంభం చెప్పదు. అందుకే రాయల కాలం చదివేవాళ్లకు పరాయి రాతలు కూడా కావాలి. హంపీ రాజుల గురించి పాయెస్, నూనిజ్ రాసిన పోర్చుగీసు కథనాలు 1897లో గాని అచ్చుకాలేదు. 1900లో సూయెల్ ఇంగ్లిషులోకి తెచ్చాకే మనవాళ్లకు అందాయి. రాయల మీద తెలుగులో వచ్చిన ఎన్నో రచనలు వాటి మీద ఆధారపడ్డాయి.

ఒసోరియోకు ఇంకా తెలుగు రచనల్లోకి చేరే ఆ అదృష్టం పట్టలేదు. జేమ్స్ గిబ్స్ చేసిన ఇంగ్లిషు అనువాదం 1752 నుంచీ ఉంది. ఉత్తరాంధ్ర చరిత్ర మీద పనిచేసే యువ పరిశోధకులు దాన్ని సింహాచలం శాసనాల పక్కన పెట్టుకుని చదవాలి. పన్నెండు భాగాలూ తెలుగులోకి రావడానికి ఏళ్లు పట్టవచ్చు. ముందు హిందూదేశపు ఘట్టాలు, ఆ 1497 నాటి పుటలు వస్తే చాలు.